వెన్నుకు తాడు కడితే: టీనేజ్ స్కోలియోసిస్‌లో ఫ్యూజన్ లేని సర్జరీ లాభనష్టాలు

కోనసీమలో ఆడపిల్లల వెన్ను వంకరను చాలాసార్లు మొదట పట్టుకునేది డాక్టరు కాదు, టైలరు. ఓణీల ఫంక్షన్‌కి పట్టు జాకెట్టు కొలతలు తీస్తుంటే రెండు భుజాలూ సమంగా రావు. నడుము ఒకవైపు లోపలికి నొక్కుకుపోయినట్టు, రెండోవైపు నిలువు గీత గీసినట్టు ఉంటుంది. కుట్టింది వేసి చూస్తే వీపు మీద కుడిపక్క బిగుతు, ఎడమపక్క ముడతలు. విప్పి మళ్లీ కుట్టినా అంతే. అప్పుడు గానీ తల్లి పిల్లను వెనక్కి తిప్పి సరిగ్గా చూడదు. ఆ వారంలోనే అమలాపురంలోనో భీమవరంలోనో ఎముకల డాక్టరు దగ్గర ఎక్స్‌రే తీయిస్తారు. రిపోర్టులో స్కోలియోసిస్ అని ఉంటుంది.

ఆడపిల్లల్లో ఎత్తు అతి వేగంగా పెరిగే దశ రజస్వల కావడానికి సుమారు ఆరు నెలల నుంచి ఏడాది ముందే వచ్చి వెళ్లిపోతుంది. ఆ తర్వాత ఇంకో రెండేళ్లు ఎదుగుదల ఉంటుంది గానీ జోరు తగ్గుతూ పోతుంది. వెన్ను వంకర గబగబా ముదిరేదీ ఆ వేగపు దశలోనే. ఇటీవల ఎక్కువగా వినిపిస్తున్న ‘ఫ్యూజన్ అక్కర్లేని సర్జరీ’, అంటే వెన్నుపూసలను ఒకే ఎముకగా కలిపేయకుండా (అలా కలపడమే ఫ్యూజన్) వాటి పక్కన తాడు బిగించే టెథరింగ్, పనిచేసేది మిగిలి ఉన్న ఎదుగుదల మీదే. అంటే ఓణీల నాటికి బయటపడ్డ పిల్లకు ఆ అవకాశం అప్పటికే సగం చేజారి ఉంటుంది. మిగిలిన సగంలో తొందరగా తేల్చుకోవాలన్న టెన్షన్ మొదలవుతుంది. ఈ తొందరలోనే చాలా కుటుంబాలు ‘ఎముకలు కలపరట’ అన్న ఒక్క మాట పట్టుకుని మిగతా లెక్క చూడకుండా ముందుకు వెళ్తున్నాయి. ఆ మిగతా లెక్కేమిటో చూద్దాం.

వంకర ఎంత, ఎలా కొలిచారు

పది నుంచి పదహారేళ్ల పిల్లల్లో నూటికి ఇద్దరు ముగ్గురికి ఎంతో కొంత స్కోలియోసిస్ ఉంటుంది. వాళ్లలో ఎక్కువమందికి అది చిన్నదే, ఏ చికిత్సా అక్కర్లేదు. వంకర పెద్దదయ్యే కొద్దీ ఆడపిల్లల వాటా బాగా పెరిగిపోతుంది. కారణం స్పష్టంగా తేలలేదు కాబట్టే దీన్ని ‘ఇడియోపతిక్’ అంటారు. వంశంలో ఉంటే వచ్చే అవకాశం ఎక్కువ. స్కూలు బ్యాగు బరువు, సెల్‌ఫోను, ఒకవైపు ఒరిగి కూర్చోవడం, పాలు తాగకపోవడం ఇవేవీ దీనికి కారణాలు కావు. ఊళ్లో పెద్దవాళ్లు పిల్లనే తిడుతుంటారు గానీ ఆ పిల్ల చేసిన తప్పేమీ లేదు. నాటు వైద్యుడి మర్దనాలతో, కట్లతో ఈ వంకర తీరదు. అక్కడ పోయేది డబ్బు కంటే ముఖ్యంగా నెలలు.

వంకరను కాబ్ యాంగిల్ అనే కొలతలో చెబుతారు. అమెరికన్ సర్జన్ జాన్ కాబ్ 1948లో చెప్పిన పద్ధతి ఇది. వంపులో అన్నిటికంటే ఎక్కువ వాలిన పై వెన్నుపూసకూ, కింది వెన్నుపూసకూ గీతలు గీసి వాటి మధ్య కోణం తీస్తారు. 10 డిగ్రీలు దాటితేనే స్కోలియోసిస్. ఒకే ఫిల్మును ఇద్దరు కొలిచినా 5 డిగ్రీల వరకు తేడా రావడం మామూలే. దీనికి తోడు చిన్న ఊళ్ల డయాగ్నొస్టిక్ సెంటర్లలో ఛాతీకొకటి, నడుముకొకటి విడివిడిగా, అదీ పడుకోబెట్టి తీసేస్తుంటారు. పడుకున్నప్పుడు బరువు పడదు కాబట్టి వంకర తక్కువగా కనిపిస్తుంది. మూడు నెలల తర్వాత పెద్ద ఆసుపత్రిలో నిలబెట్టి తీస్తే అంకె పెరుగుతుంది. ‘మూడు నెలల్లో పది డిగ్రీలు పెరిగిందట’ అని ఇంటిల్లిపాదీ బెంబేలెత్తిపోతారు. నిజంగా పెరిగింది అందులో ఎంతో ఎవరికీ తెలియదు. మెడ నుంచి తుంటి దాకా ఒకే ఫిల్ము, నిలబెట్టి, వెనక నుంచి ముందుకు కిరణాలు వెళ్లేలా తీయించాలి. ఈ చివరి షరతు ఎందుకంటే, ఏళ్ల తరబడి పదే పదే ఎక్స్‌రేలు తీసిన పాత తరం స్కోలియోసిస్ రోగుల్లో రొమ్ము క్యాన్సర్ మరణాలు ఎక్కువగా ఉన్నట్టు అమెరికాలో తేలింది. వెనక నుంచి తీస్తే రొమ్ముకు తగిలే మోతాదు బాగా తగ్గుతుంది.

డిగ్రీలతో పాటు కావలసిన రెండో అంకె ఎముకల వయసు. తుంటి ఎముక అంచు మీద కనిపించే రిస్సర్ గుర్తు (0 నుంచి 5), ఎడమ చేతి ఎక్స్‌రే చూసి చెప్పే శాండర్స్ దశ (1 నుంచి 8) దీనికి వాడతారు. పన్నెండేళ్లకే ఎదుగుదల దాదాపు ఆగిపోయిన పిల్లలుంటారు, పద్నాలుగేళ్లకు ఇంకా పెరిగేవాళ్లూ ఉంటారు. పుట్టినరోజును బట్టి సర్జరీ నిర్ణయించడం కుదరదు.

బెల్టు, ఫ్యూజన్

25 నుంచి 40 డిగ్రీల మధ్య, ఇంకా పెరుగుతున్న పిల్లలకు మొదటి చికిత్స బ్రేస్. మన దగ్గర బెల్టు అంటారు గానీ, నిజానికి అది గట్టి ప్లాస్టిక్ తొడుగు. 2013లో వచ్చిన ‘బ్రెయిస్ట్’ అధ్యయనంలో బ్రేస్ వేసుకున్నవాళ్లలో 72 శాతం మందికి వంకర 50 డిగ్రీలకు చేరకుండా ఆగింది. వేసుకోనివాళ్లలో అలా ఆగింది 48 శాతం మందికి. రోజుకు సగటున దాదాపు 13 గంటలు, ఆపైన వేసుకున్నవాళ్లలో ఫలితం 90 శాతం దాటింది. అధ్యయనంలో సెన్సర్ పెట్టి గంటలు లెక్కపెట్టారు. గోదావరి డెల్టా ఎండాకాలంలో, ఉక్కపోతలో, యూనిఫాం కింద ఆ ప్లాస్టిక్ వేసుకుని క్లాసులో కూర్చోవడం ఎంత కష్టమో చెప్పనక్కర్లేదు. లోపల కుట్లు లేని కాటన్ బనియను, మధ్యాహ్నం ఒకసారి విప్పి తుడుచుకుని మార్చుకోవడం, బడి వేళల్లో బెల్టు వేసుకోవడం తగ్గించి సాయంత్రం నుంచి తెల్లారే దాకా గట్టిగా పాటించడం లాంటి సర్దుబాట్లతో గంటలు పూర్తి చేయించవచ్చు. ‘బెల్టు పనిచేయలేదు’ అని సర్జరీ దాకా వచ్చిన కేసుల్లో కొన్నింటిలో బెల్టు బీరువా పక్కనే ఉండిపోయి ఉంటుంది. సర్జరీ సంతకానికి ముందు ఈ సంగతి ఇంట్లో నిజాయితీగా తేల్చుకోవాలి.

ఎదుగుదల ఆగేనాటికి 30 డిగ్రీల లోపు ఉన్న వంకర సాధారణంగా అక్కడే ఉండిపోతుంది. 50 దాటినది పెద్దయ్యాక కూడా ఏడాదికి దాదాపు ఒక డిగ్రీ చొప్పున పెరుగుతూ పోతుంది. అందుకే 45–50 దగ్గర సర్జరీ మాట వస్తుంది. చాలామంది భయపడేలా దీనివల్ల కాళ్లు పడిపోవడమన్నది మామూలుగా జరిగేది కాదు. అమెరికాలో అయోవా రాష్ట్రంలో చికిత్స తీసుకోని రోగులను 50 ఏళ్లపాటు గమనించారు. ఎక్కువమంది ఉద్యోగాలు, సంసారాలు మామూలుగానే చేసుకున్నారు. నడుంనొప్పి కాస్త ఎక్కువ, వంకర చాలా పెద్దదైనవాళ్లలో ఆయాసం. అంటే ఇది ప్రాణం మీదికి వచ్చిన సర్జరీ కాదు. వారం రోజుల్లో చేయకపోతే కొంప మునుగుతుందన్న మాట ఎవరన్నా నమ్మనక్కర్లేదు.

ఫ్యూజన్‌లో వీపు మధ్యలో పొడవుగా కోసి, వంగిన భాగంలోని వెన్నుపూసలకు స్క్రూలు బిగించి, రెండు రాడ్లతో తిన్నగా నిలబెట్టి, ఎముక ముక్కలు పరిచి ఆ పూసలన్నీ ఒకే ఎముకగా అతుక్కునేలా చేస్తారు. 1911లోనే న్యూయార్క్‌లో రసెల్ హిబ్స్ మొదలుపెట్టిన పని ఇది. 1960ల్లో హారింగ్టన్ రాడ్ వచ్చింది, 1990ల నుంచి పూసకు వెనక నుంచి ఎక్కించే పెడికిల్ స్క్రూలు స్థిరపడ్డాయి. ఇప్పుడు వంకర సాధారణంగా 60–70 శాతం సరిదిద్దుకుంటుంది. నరాలకు దెబ్బ తగిలే ప్రమాదం ఒక శాతం కంటే తక్కువ. ఇన్ఫెక్షన్ ఒకటి రెండు శాతం. దీని ఖరీదు కదలిక. కలిపేసిన పూసల మధ్య ఇక జీవితాంతం వంపు ఉండదు, వాటి కింద మిగిలిన డిస్కుల మీద అదనపు ఒత్తిడి పడుతుంది. ఆ ఒత్తిడి ముప్పై నలభై ఏళ్లకు ఏం చేస్తుందన్నదే ఫ్యూజన్ వద్దనేవాళ్ల ప్రధాన వాదన.

తాడు ఎలా పనిచేస్తుంది

కాలవ గట్టున ఒరిగిన కొబ్బరి మొక్కను రెండోవైపు నుంచి తాడుతో లాగి కడితే ఎదిగే కొద్దీ తిన్నగా వస్తుంది. ముదిరిన చెట్టుకు కడితే తాడు తెగుతుంది, చెట్టు కదలదు. వర్టిబ్రల్ బాడీ టెథరింగ్, అంటే వీబీటీ, సూత్రం అంతే. పెరిగే ఎముక మీద ఒకవైపు ఒత్తిడి పెంచితే ఆ వైపు ఎదుగుదల నెమ్మదిస్తుంది, ఒత్తిడి లేని వైపు పెరుగుతూ పోతుంది. దీన్ని హ్యూటర్–వోక్‌మన్ సూత్రం అంటారు. వంపు ఉబ్బిన పక్కన తాడు బిగిస్తే, లోపలికి నొక్కుకున్న పక్క పెరిగి వెన్ను దానంతటదే సర్దుకోవాలి. ఒక చిన్న పిల్లాడికి చేసిన తొలి కేసు వివరాలు 2010లో ప్రచురితమయ్యాయి.

ఆపరేషన్ టేబుల్ మీద పిల్లను ఎడమపక్కకు పడుకోబెడతారు, ఎందుకంటే టీనేజ్ ఛాతీ వంకర ఎక్కువగా కుడివైపుకే ఉబ్బుతుంది. కుడివైపు పక్కటెముకల మధ్య నుంచి చిన్న చిన్న రంధ్రాలు చేస్తారు. కుడి ఊపిరితిత్తిలోకి గాలి వెళ్లకుండా ఆపి దాన్ని ముడుచుకునేలా చేస్తే వెన్నుపూసల పక్కభాగం కెమెరాలో కనిపిస్తుంది. ప్రతి పూస మీదుగా అడ్డంగా వెళ్లే సన్నటి రక్తనాళాన్ని మూసేసి, పూసకు అడ్డంగా ఒక స్క్రూ ఎక్కిస్తారు. దాని మొన ఎముక రెండో అంచు దాకా వెళ్లాలి, లేకపోతే పట్టు ఉండదు. ఆ అంచు దాటి కొద్ది మిల్లీమీటర్ల దూరంలోనే బృహద్ధమని ఉంటుంది. ఏడెనిమిది స్క్రూలు ఎక్కాక వాటి తలల్లో పాలిస్టర్ జాతికి చెందిన తాడును దూర్చి, ఒక్కో పూస దగ్గర ఎంత బిగించాలో చూసి బిగించి, మర తిప్పుతారు. ఆఖర్న ఛాతీలో ఒక గొట్టం వదిలి ఊపిరితిత్తిని మళ్లీ ఉబ్బిస్తారు. ఆ గొట్టం కొద్ది రోజులుంటుంది.

వీపు మీద పొడవాటి కోత లేదు, ఎముకలు కలపలేదు, మచ్చలు చంక కింద దాగిపోతాయి. అందుకే దీన్ని చిన్న సర్జరీ అనుకోవడం సహజం. కానీ ఛాతీ లోపలికి, ఊపిరితిత్తినీ గుండె నుంచి వచ్చే పెద్ద నాళాన్నీ ఆనుకుని చేసే పని ఎక్కడ చేసినా పెద్ద సర్జరీయే. కోత చిన్నదైనంత మాత్రాన లోపల జరిగే పని చిన్నదైపోదు.

ఫలితాలు ఏం చెబుతున్నాయి

అమెరికాలో 2014లో వచ్చిన తొలి వరుస ఫలితాలు ఆశలు పెంచాయి. పదకొండు మంది పిల్లల్లో సగటు వంకర 44 డిగ్రీల నుంచి ఆపరేషన్ తర్వాత 20కి, రెండేళ్లకు దాదాపు 13కి దిగింది. ఆపరేషన్ అయ్యాక కూడా వంకర తగ్గుతూ పోవడమే ఇక్కడి విశేషం. అందులో ఇద్దరికి అది మరీ ఎక్కువై, తాడు వదులు చేయడానికి మళ్లీ ఆపరేషన్ థియేటర్‌కు తీసుకెళ్లాల్సి వచ్చింది. 2019 ఆగస్టులో, అమెరికాలో మందులకూ వైద్య పరికరాలకూ అనుమతులిచ్చే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏ, ‘ద టెథర్’ అనే పరికరానికి అనుమతి ఇచ్చింది. 30 నుంచి 65 డిగ్రీల వంకర, ఇంకా ఎదుగుతున్న ఎముకలు, బ్రేస్ ఫలించకపోవడమో పడకపోవడమో అన్నవి షరతులు.

ఇక్కడ ఆసుపత్రుల ప్రకటనల్లో ‘ఎఫ్‌డీఏ ఆమోదం పొందిన’ అన్న మాట కనిపిస్తుంటుంది. అది అబద్ధం కాదు, అలాగని పూర్తి నిజమూ కాదు. ఆ అనుమతి మామూలు అనుమతి కాదు. అరుదైన పరిస్థితుల పరికరాలకు ఇచ్చే మానవతా మినహాయింపు. అమెరికాలో ఏడాదికి 8,000 మందికి మించి అవసరం ఉండని పరికరాలకు ఇది వర్తిస్తుంది. ఇందులో సురక్షితమని, మేలు చేసే అవకాశం ఉందని చూపిస్తే చాలు, కచ్చితంగా పనిచేస్తుందని మామూలు పరికరాల మాదిరి రుజువు చేయనక్కర్లేదు. ఈ పరికరానికి అప్పుడు చూపించింది 57 మంది పిల్లల వివరాలు.

తర్వాత వచ్చిన అంకెలు నేల మీద నిలబెట్టాయి. 2020లో ప్రచురించిన ఒక అమెరికన్ బృందం ఫలితాల్లో, ఎదుగుదల పూర్తయిన పిల్లల్లో 74 శాతం మందికి ఫ్యూజన్ లేకుండానే వంకర 30 డిగ్రీల్లోపు నిలిచింది. మొత్తం 29 మందిలో దాదాపు సగం మందికి ఎక్కడో ఒకచోట తాడు తెగింది. ఐదుగురిలో ఒకరికి రెండో ఆపరేషన్ అవసరమైంది. 2022లో హార్మ్స్ స్టడీ గ్రూప్ అనే వెన్ను సర్జన్ల బృందం ఇంకా పెద్ద పోలిక చేసింది. టెథరింగ్ చేయించుకున్న 237 మందికి, దాదాపు అలాంటి వంకరే ఉండి ఫ్యూజన్ చేయించుకున్న 237 మందిని జతచేసి చూశారు. రెండేళ్ల పైచిలుకు గడిచాక, ఛాతీ వంకర 35 డిగ్రీల్లోపు ఉన్నవాళ్లు టెథరింగ్‌లో 76 శాతం, ఫ్యూజన్‌లో 97 శాతం. మళ్లీ ఆపరేషన్ అయినవాళ్లు టెథరింగ్‌లో 16 శాతం, ఫ్యూజన్‌లో 1.3 శాతం. నొప్పి, రూపం, మనసు ఎలా ఉందన్న ప్రశ్నలకు పిల్లలు ఇచ్చిన జవాబుల్లో మాత్రం రెండు వర్గాలకూ పెద్ద తేడా లేదు.

ఈ చివరి వాక్యాన్ని ఇరుపక్షాలూ తమకు అనుకూలంగా వాడుకుంటాయి. ‘వంకర కాస్త ఎక్కువ మిగిలినా పిల్లలు అంతే సంతోషంగా ఉన్నారు చూడండి’ అంటారు టెథరింగ్ చేసేవాళ్లు. ‘కదలిక మిగిల్చామంటున్నారు, మరి పిల్లల జవాబుల్లో ఆ లాభం కనిపించదేం’ అంటారు ఫ్యూజన్ చేసేవాళ్లు. రెండో ప్రశ్నే బలమైనదనిపిస్తుంది. కదలిక కోసమే ఇంత అనిశ్చితి భరిస్తున్నప్పుడు ఆ కదలిక విలువ ఎక్కడో ఒకచోట కనబడాలి. అయితే రెండేళ్లు చాలా తక్కువ కాలం. ఫ్యూజన్ నష్టాలు నలభయ్యో ఏట బయటపడేవి, టెథరింగ్ నష్టాలు మొదటి ఐదారేళ్లలోనే కనిపించేవి. రెండేళ్ల దగ్గర గీత గీస్తే ఫ్యూజన్‌కే మార్కులు ఎక్కువ పడతాయి. టెథరింగ్ చేయించుకున్న తొలి తరం ఇంకా యువతే, దాని నలభయ్యేళ్ల లెక్క రావడానికి ఇంకా చాలా కాలం ఉంది.

తాడు తెగితే

తాడు తెగిందన్న మాట వినగానే గుండె గుభేలుమంటుంది గానీ అది ఎప్పుడు తెగిందన్నదే ముఖ్యం. తాడు ఎక్స్‌రేలో కనిపించదు. పక్కపక్క స్క్రూల మధ్య కోణం గతం కంటే 5 డిగ్రీలకు మించి విచ్చుకుంటే, అక్కడ తెగి ఉంటుందని ఊహిస్తారు. ఎదుగుదల అయిపోయి, పూసల ఆకారం సర్దుకున్నాక తెగితే చాలామందికి ఏమీ చేయనక్కర్లేదు. ఏడాది లోపే, పిల్ల ఇంకా పెరుగుతుండగా తెగితే వంకర తిరిగొస్తుంది. అప్పుడు మళ్లీ తాడు మార్చడమో, వెనక నుంచి ఫ్యూజన్ చేయడమో. రెండోసారి అదే ఛాతీలోకి వెళ్లాలంటే ఊపిరితిత్తి గోడకు అతుక్కుపోయి ఉంటుంది. అందుకే చాలామంది సర్జన్లు రెండో విడతలో వెనక నుంచి ఫ్యూజన్‌కే మొగ్గుతారు. ఫ్యూజన్ తప్పించుకుందామని వెళ్లిన పిల్లకు రెండు సర్జరీలూ అయినట్టు.

దీనికి తిరగబడ్డ సమస్య అతి సవరణ. ఎదుగుదల చాలా మిగిలి ఉన్న పిల్లకు, అంటే శాండర్స్ రెండో దశ ప్రాంతంలో ఉన్నవాళ్లకు, తాడు కడితే వెన్ను తిన్నగా అవడంతో ఆగదు. రెండోవైపుకు వంగడం మొదలవుతుంది. అప్పుడు తాడు వదులు చేయాలి లేదా తీసేయాలి. బాగా చిన్నప్పుడు చేస్తే ఇది, ఆలస్యంగా చేస్తే అసలు సవరణే రాదు. మధ్యలో ఉన్న ఇరుకైన కాలంలో, సరైన బిగింపుతో చేయాలి. ఎంత బిగించాలో ముందే కచ్చితంగా చెప్పే లెక్క ఇంకా లేదు. సర్జన్ చేతి అనుభవమే దిక్కు.

ఊపిరితిత్తుల వైపు ఇబ్బందులు చాలావరకు తొలి వారాలవి. నీరు చేరడం, ఒక భాగం సరిగా ఉబ్బకపోవడం, గాలి లీకు కావడం. గొట్టం పెట్టో, శ్వాస వ్యాయామాలతోనో తగ్గేవే ఎక్కువ. కానీ ఇంటికి పంపించేశాక రెండు మూడు వారాలకు నీరు చేరి ఆయాసం మొదలయ్యే సందర్భాలూ ఉన్నాయి. డెల్టా కుటుంబాలు ప్రత్యేకంగా గుర్తుపెట్టుకోవలసిన చోటు ఇదే. చెన్నైలో ఆపరేషన్ చేయించుకుని సర్కార్ ఎక్స్‌ప్రెస్‌లో ఇంటికి వచ్చిన పిల్లకు రాజోలులో అర్ధరాత్రి ఆయాసం వస్తే ఎక్కడికి వెళ్లాలి, ఎవరికి ఫోన్ చేయాలి అన్నది డిశ్చార్జికి ముందే రాసి పెట్టుకోవాలి. కాకినాడలోనో రాజమహేంద్రవరంలోనో ఛాతీ డాక్టరు ఒకరికి కేసు ముందే చెప్పి ఉంచితే సగం భయం తీరుతుంది.

అందరికీ కుదరదు అని కూడా చెప్పాలి. పక్క నుంచి చూసినప్పుడు పై వీపు బాగా గూనిగా ఉన్న పిల్లలకు ఛాతీ తాడు ఆ గూనిని ఇంకా పెంచుతుంది. గట్టిపడిపోయిన, పక్కకు వంగినా సడలని వంకరలకు ఇది పనికిరాదు. వీపు మీద లేచిన ఎత్తు పూసలు మెలి తిరగడం వల్ల వచ్చేది. ఆ మెలికను తాడు విప్పే శక్తి స్క్రూలూ రాడ్ల కంటే తక్కువ. జాకెట్టు వీపు మీద సమంగా కూర్చోవాలన్నదే ఇంట్లో వాళ్ల ఆశైతే, ఈ సంగతి సర్జన్‌ను నేరుగా అడగాలి.

ఇదే కోవలో ఇంకో పరికరం వచ్చింది, ఏపీఫిక్స్. ఛాతీ తెరవకుండా వెనక నుంచి వంపు లోపలి పక్కన ఒక రాట్చెట్ కడ్డీ బిగిస్తారు. వ్యాయామం చేసేకొద్దీ అది మెట్టు మెట్టుగా పొడవవుతుంది. దీనికీ 2019లోనే మినహాయింపు అనుమతి వచ్చింది. నెదర్లాండ్స్‌లో ఇరవై మందిలో చేసిన అధ్యయనంలో సగం మందికి తీవ్రమైన ఇబ్బందులు వచ్చి, కొత్తవాళ్లను చేర్చుకోవడమే ఆపేశారు.

కదలిక ఎక్కడ పోతుంది

కూచిపూడి నేర్చుకునే పిల్లలున్న ఇళ్లలో ‘కలిపేస్తే వంగలేదు కదా’ అన్నది మొదటి ప్రశ్న. ఇందులో ఒక మెలిక ఉంది. ఛాతీ భాగంలో పూసలు పక్కటెముకల పంజరానికి బిగించి ఉంటాయి, ముందే అక్కడ కదలిక తక్కువ. ముందుకు వంగి నేల తాకడంలో ఎక్కువ పని చేసేది నడుము, తుంటి కీళ్లు. ఛాతీ వంకరకు నడుము మొదటి పూస దగ్గర ఆగే ఫ్యూజన్ చేస్తే పోయే కదలిక మనం అనుకునేంత ఉండదు. ఆరు నెలల నుంచి ఏడాదిలో నాట్యానికి తిరిగి వెళ్లడం అసాధ్యమేమీ కాదు. అదే నడుము నాలుగో పూస దాకా కలపాల్సి వస్తే తేడా రోజూ తెలుస్తుంది.

అంటే కదలిక కాపాడుకోవడం నిజంగా విలువైనది నడుము వంకరల్లో. కానీ తాడు ఎక్కువగా తెగేదీ అక్కడే, ఎందుకంటే అక్కడ కదలిక ఎక్కువ. ఛాతీలో తాడు నిలుస్తుంది గానీ అక్కడ దాచేది తక్కువ. నడుములో దాచేది ఎక్కువ గానీ అక్కడ తాడు నిలవదు. ఈ వైరుధ్యాన్ని ఎవరూ ఇంకా పూర్తిగా దాటలేదు. నడుముకు రెండు వరుసల తాళ్లు వేయడం అందుకు చేస్తున్న ఒక ప్రయత్నం.

డెల్టా నుంచి చూస్తే

మన దేశంలో టెథరింగ్ కొన్ని నగరాల్లో కొద్దిమంది సర్జన్లే చేస్తున్నారు. ఫ్యూజన్ చేయగలవాళ్లు విశాఖ, విజయవాడ, హైదరాబాద్‌లలో ఉన్నారు. ఈ తేడా ఆపరేషన్ రోజు కంటే తర్వాతి ఐదేళ్లలో ఎక్కువ తెలుస్తుంది. ఫ్యూజన్ అయిన పిల్లకు మొదటి ఏడాది గడిస్తే డాక్టరు దగ్గరకు వెళ్లే పని బాగా తగ్గిపోతుంది. తాడు కట్టిన పిల్లను ఎదుగుదల ఆగేదాకా ఆరు నెలలకోసారి నిలబెట్టి ఎక్స్‌రే తీసి, స్క్రూల కోణాలు కొలిచి చూడాలి. అమలాపురానికి ఇప్పటికీ రైలు లేదు. రావులపాలెం మీదుగా రాజమండ్రికో, లేదా కాకినాడకో బస్సులో వెళ్లి అక్కడ రైలెక్కాలి. టెన్త్ పరీక్షలు, వరి కోతలు, రొయ్యల చెరువు పట్టుబడి మధ్యలో ఒక చెకప్ తప్పిపోవడం పెద్ద వింత కాదు. కానీ అతి సవరణ సరిగ్గా అలాంటి తప్పిపోయిన ఆరు నెలల్లోనే ముదురుతుంది. చెకప్‌కు క్రమం తప్పకుండా వెళ్లగలమన్న నమ్మకం లేని కుటుంబానికి టెథరింగ్ మంచి ఎంపిక కాదు, సర్జన్ ఎంత గొప్పవాడైనా సరే.

డబ్బు లెక్క కూడా ఇలాగే వేసుకోవాలి. మొదటి ఆపరేషన్‌కే లక్షల్లో ఖర్చవుతుంది. ఆరేడుగురిలో ఒకరికి రెండేళ్లలోనే రెండో ఆపరేషన్ వచ్చినట్టు అంకెలు చెబుతున్నప్పుడు, ఆ రెండో ఖర్చు మొదటి నిర్ణయంలోనే కలిసి ఉండాలి. ఎకరం కొబ్బరి తోట మొదటిసారికే తాకట్టు పెడితే రెండోసారికి ఏముంటుంది? ఎన్టీఆర్ వైద్య సేవలో గానీ, ప్రైవేటు ఇన్సూరెన్సులో గానీ ఏ పద్ధతి వర్తిస్తుందో నెట్‌వర్క్ ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను, ఇన్సూరెన్స్ కంపెనీని ఆపరేషన్ పేరుతో సహా అడిగి, జవాబు కాగితం మీద తీసుకోవడం మేలు. ‘వెన్ను ఆపరేషన్ వర్తిస్తుంది’ అన్న నోటిమాట చాలదు.

తొందరపెట్టే వాదన ఒకటుంది. ‘ఫ్యూజన్ ఎప్పుడైనా చేయించుకోవచ్చు, తాడు మాత్రం ఇప్పుడే’ అని. మాట నిజమే. కానీ అవకాశం పోతుందన్న భయం దానంతట అదే కారణం కాకూడదు. 35 డిగ్రీల వంకర ఉన్న పిల్లకు బ్రేస్ ఇంకా పనిచేయవచ్చు, సర్జరీ అసలు అవసరమే పడకపోవచ్చు. అలాంటి పిల్లకు ఇప్పుడే తాడు కట్టడమంటే బహుశా అక్కర్లేని ఆపరేషన్ చేయడమే. 60 డిగ్రీల దగ్గర ఉన్నవాళ్లలో తాడు ఫలించే అవకాశం తగ్గుతుంది. బాగా ఆలోచించదగ్గది 40–55 మధ్య, పక్కకు వంగితే సడలే వంకర, శాండర్స్ మూడు నాలుగు దశల్లో ఉన్న పిల్ల. ఇంత సన్నటి గుంపుకు సరిపడే చికిత్సను అందరికీ సరిపోయేదిగా చెబుతుంటే వినేవాళ్లే ఒక అడుగు వెనక్కి వేయాలి.

సర్జన్‌ను అడగవలసినవాటిలో ముందుది ఆయన సొంత లెక్క. ఎన్ని టెథరింగ్‌లు చేశారు, అందులో ఎంతమందికి ఎదుగుదల పూర్తయింది, వాళ్లలో ఎంతమందికి రెండో ఆపరేషన్ అయింది. ఆపరేషన్ అయిన నెలకు తీసిన ఫొటోలు చూపిస్తే అవి జవాబు కావు. పెద్ద డాక్టరును అలా అడగడం మన దగ్గర మర్యాద కాదనిపిస్తుంది. అయినా ‘సార్, మీ దగ్గర చేయించుకున్న పిల్లల్లో ఎలా ఉందండీ’ అని మొదలుపెడితే మంచి సర్జన్ నొచ్చుకోడు.

ఎవరూ పైకి అనని ప్రశ్న పెళ్లిది, దాని వెనకే కాన్పుది. ఫ్యూజన్ అయినా, తాడు కట్టినా గర్భం దాల్చడానికీ, మామూలు కాన్పుకూ అడ్డు లేదు. చూసుకోవలసింది మత్తుమందు దగ్గర. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019–21 లెక్కల్లో ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 42 కాన్పులు సిజేరియన్లే. వాటికి మామూలుగా ఇచ్చేది నడుములో సూది. నడుము మొదటి పూస దగ్గర ఆగిన ఫ్యూజన్‌లో ఆ సూది వేసే చోటు సాధారణంగా ఖాళీగానే ఉంటుంది. నాలుగో పూస దాకా కలిపితే ఎముక అడ్డం వచ్చి కష్టమవుతుంది. టెథరింగ్‌లో స్క్రూలూ తాడూ పూసల పక్కన, ముందువైపు ఉంటాయి కాబట్టి వెనక నుంచి సూది దారి మామూలుగానే ఉంటుంది. పదేళ్ల తర్వాత పాలకొల్లులోనో ముమ్మిడివరంలోనో ఉండే మత్తు డాక్టరుకు ఇవేవీ తెలిసే దారి లేదు. అందుకే ఏ సర్జరీ అయినా డిశ్చార్జి సమ్మరీతో సరిపెట్టుకోకుండా, ఏ పూస నుంచి ఏ పూస దాకా చేశారో ఉన్న ఆపరేషన్ నోట్సు, స్క్రూల పెట్టెల మీది స్టిక్కర్లు, ఆఖరి ఎక్స్‌రే కాపీ అడిగి తీసుకోవాలి. పెళ్లయి వెళ్లేటప్పుడు ఆ ఫైలు పుట్టింటి బీరువాలో ఉండిపోకుండా అమ్మాయి చేతికే ఇచ్చి పంపాలి.